బస్తాకు ఒక అణా

పాతపాళ్య,
18-6-1964.

చిరంజీవి ముత్యాలప్పకు అక్క చౌడమ్మ దీవించి వ్రాస్తున్నది. ఇక్కడ మనుషులూ గొడ్లూ అందరూ క్షేమం. పరువు ఒక్కటే మంచం పట్టింది. నువ్వూ మరదలూ షిమోగాలో చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. వానల సంగతి అడిగావు. ఒక పదును వాన పడింది, దుక్కి అయింది, శెనక్కాయలు విత్తనాలకు ఒలుస్తున్నాం. మీ బావ మోకాలి నొప్పి తగ్గలేదు. సుజాత మార్కులు అడిగావు. ఎస్సెస్సెల్సీ ఫస్టు క్లాసులో పాసయింది, లెక్కల్లో తొంభై ఒకటి. నా కూతురికి చదువులో అన్నీ నీ పోలికలే. పోలిక అక్కడితో ఆగాలని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

ఎందుకంటే ఉత్తరం చివర నువ్వొక మాట వ్రాశావు. ఆడపిల్లకు బెంగుళూరు కాలేజీ ఎందుకు, ఖర్చులు రెండింతలయినాయి, టీచరు ట్రైనింగుకు పంపు అని. ఖర్చుల సంగతి నాకు చెప్పనక్కరలేదు. నువ్వు చేరినప్పుడు హాస్టలు అన్నానికి నెలకు ఇరవై రూపాయలు, ఇప్పుడు నలభై. ఫీజూ పుస్తకాలూ కలిపితే ఏడాదికి ఏడు వందలు. శెనక్కాయల ధర నడుస్తుంటే చదువు ధర పరుగెత్తుతోంది. అందుకే నిన్ను చదివించిన విద్యానిధి దీన్నీ చదివిస్తుందేమోనని మీ బావా నేనూ సుజాతా చింతామణి వెళ్ళాం.

ఆ నిధి ఎట్లా పుట్టిందో నువ్వు మరచిపోయి ఉంటావు, గుర్తు చేస్తాను. అక్కడి రామకృష్ణప్ప మండీలో కాయలు అమ్మిన ప్రతి రైతు దగ్గరా ధర్మమని బస్తాకు ఒక అణా పట్టుకునేవారు. ఇప్పుడు ఆరు పైసలు. దాన్నే చదువుకునే పిల్లలకు అప్పుగా ఇస్తారు, ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టాలి. నువ్వు ఎనిమిది వందలు తీసుకున్నావు. మీ బావ జామీను వేలిముద్ర వేశాడు.

రామకృష్ణప్ప సుజాత అర్జీ చదివి కళ్ళద్దాలు తీశాడు. "బిడ్డ మార్కులు బాగుండాయమ్మా. అయితే మీ ఇంటికి ఒకసారి ఇచ్చినాము. ఎనిమిది వందల్లో ఒక్క పైసా తిరిగి రాలేదు. ఈ ఏడు ఫీజులు పెరిగి పదహారు అర్జీలు వచ్చిండాయి. ఉండే దుడ్డు ఎనిమిదిమందికి కూడా చాలదు. మళ్ళా మీకే ఎట్ల ఇచ్చేది?"

పక్కన మన తూర్పు చేను గట్టు కొండప్ప కూర్చుని ఉన్నాడు. "నాకు చదువుకునే బిడ్డలు లేరు. అయినా పద్దెనిమిదేండ్లుగా అణా ఇస్తాండాను. మీ తమ్ముడు ఇంజనీరయినాడు, సంతోషం. నా అణా యాడ ఉండాదమ్మా?" అన్నాడు. అతను ఎప్పుడూ నన్ను ఒక మాట అన్నవాడు కాదు.

అప్పు సంగతి ఎత్తితే నువ్వేమో "అది ధర్మం డబ్బు కదా, ఎవరు తిరిగి కడుతున్నారు?" అని వ్రాస్తావు! నాకు ఒళ్ళు మండిపోయింది. ధర్మం చేసింది ఎవరు? అంబలి తాగి కాయలు పీకినవాళ్ళు. తిన్నది ఎవరు? నెలకు మూడు వందల యాభై జీతం తీసుకుని రేడియో కొన్నవాడు. హుండీలో పడినదీ ధర్మమే, అందుకని చెయ్యి పెట్టి తీసుకుంటామా? ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను. వెనక ఇంకో పిల్ల ఒడ్డున నిలబడి ఉందని తెలిసీ తగలేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు సుజాత బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "నేనూ ఎగ్గొడతానని అనుకుంటాండారా అమ్మా?" అంది.

ఇక్కడ నువ్వు ఉత్తరం కింద పెట్టి, ఒక్క పైసా రాలేదంటారేమిటి, తొలి జీతాల్లోంచి రెండు వందలు కట్టమని అక్కకు పంపానే అంటావు. అవును, పంపావు. నేను కట్టలేదు. అయిదేళ్ళ కిందట సరిగ్గా విత్తనాల వేళ మన జోడెద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. అదును పోతోంది. ఆ డబ్బుతో ఎద్దును కొన్నాను. తమ్ముడు ఎద్దుకే పంపాడని మీ బావతో చెప్పాను, మండీలో కట్టేశానని నీకు వ్రాశాను. పంట రాగానే కడదామనుకున్నాను, ఏ పంటకూ చెయ్యి రాలేదు. ఇంటికి వచ్చిన ఉత్తరాలు చదివేది నేనే కనుక మండీ నోటీసులన్నీ సజ్జల కుండలో దాచాను. ఇంతసేపూ నిన్ను తిట్టిన కోపంలో కొంత నా సిగ్గే. మిగతాది మాత్రం నిజంగా నీదే.

పోయిన ఆదివారం నిధి సభలో లేచి నిలబడ్డాను. "ఎనిమిది వందల్లో ఆరు నా తమ్ముడు తినె, రెండు నేను తింటి. రాసుకోండప్పా" అన్నాను. మీ బావ తల దించుకున్నాడు. మూడో రోజు పాడి ఎనుమును తోలుకుపోయి అమ్మి, రెండు వందలు కట్టి రసీదు తెచ్చి నా ముందర పెట్టాడు. "నా వేలు పెట్టినాను గదా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నీ వంతు. నీ అప్పులో తొలి కంతుగా నూరు రూపాయలు చేరితే సుజాత అర్జీ తీసుకుంటామని నిధివాళ్ళు ఒప్పుకున్నారు. కాలేజీ గడువు జులై పది. అప్పటికి రాకపోతే ఆ డబ్బు ఇంకో బిడ్డకు ఇస్తారు, నోటీసు ఈసారి మీ పై ఆఫీసరుకు వస్తుంది. చిరునామా నేనే ఇచ్చాను. కోపం వస్తే రానీ, నూరు రూపాయలు పంపి కోప్పడు.

మనియార్డరు మీద రామకృష్ణప్ప మండీ, చింతామణి అని వ్రాయి. నా పేరుకు మాత్రం పంపవద్దు. ఇదీ విత్తనాల కాలమే. నా చేతిని నేను నమ్మను.

ఇట్లు,
కోపం తీరని నీ అక్క,
చౌడమ్మ