గుమాస్తా అను పిల్లిని తిరిగి ఇప్పించుట గురించి

పురపాలక జంతు సంరక్షణ కేంద్రం అధికారిగారి సముఖమునకు, వేబ్రిడ్జిలో తూకం గుమాస్తాగా పనిచేయుచున్న అర్జీదారు వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: మా ఇంటినుండి తమ సిబ్బంది తీసుకొనిపోయిన బూడిదరంగు పిల్లి (పిలుపు పేరు గుమాస్తా, బోను నెంబరు 17) – నేనిచ్చిన ఫిర్యాదును నేనే వెనుకకు తీసుకొనుట – అందులోని అబద్ధమును ఒప్పుకొనుట – గురించి.

సూచిక: నా ఫిర్యాదు, దానికి జతపరచిన పద్నాలుగు రోజుల కొలతల పట్టిక.

1. పై పట్టికను తయారుచేసినది నేనే. ఫిర్యాదు ఇచ్చుటకు వచ్చిన రోజున తమ కౌంటరులోని అమ్మగారు, "ఊరికే బాధ, బాధ అంటే కుదరదండీ. అది ఏ పూట ఏం చేస్తోందో రాసి పట్టుకురండి" అన్నారు. లారీలు తూచి రాసుకొనుటయే నా ఉద్యోగము. రాయమంటే నా చెయ్యి ఆగదు. సెలవు పెట్టి, పద్నాలుగు రోజులు ఆ పిల్లి వెంబడి తిరిగితిని.

నిద్ర: రోజుకు సగటున పదిహేను గంటల యాభై నిమిషములు. అందులో మూడు గంటల ఇరవై నిమిషములు నా రిజిస్టరు మీద. ముఖము కడుగుకొనుట: రోజుకు ఇరవై మూడు మార్లు (అర్జీదారు: ఒక మారు). బల్లమీది కలమును కిందికి తోయుట: మొత్తము నలభై ఒక్క మారు, తోసిన ప్రతిసారి కలము వంక కాక నా వంక చూచినది. తోక: పదకొండు అంగుళములు, నిద్రపోవునప్పుడు కొలిచితిని. బరువు: సరుకుతో లారీని తూచి, ఖాళీ లారీని తూచి, తేడా కట్టినట్లే, పిల్లిని ఎత్తుకొని మిషను ఎక్కి, దించి మరల ఎక్కి చూడగా, నాలుగు కిలోల మూడు వందల గ్రాములు. ఈ పనిలో నా చేతిమీద మూడు గీట్లు పడినవి. అవియు నమోదు చేసితిని.

ఈ అంకెలలో ఒక్కటి కూడా కల్పితము కాదు. అబద్ధము వేరే చోట ఉన్నది.

2. ఫారములో ఏడవ గడి "యజమాని" అని ఉన్నది. అందులో "ఎవరూ లేరు" అని రాశాను. ఉన్నారు. మా అక్క.

మా అక్క బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎన్నో నెంబరు ప్లాట్‌ఫారానికి వస్తుందో ఇరవై ఆరేళ్లు మైకులో చెప్పింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. బడి వదలగానే బస్టాండుకు పోయి, ఆవిడ గది కిటికీ కింద బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాణ్ని. నాకు తెలిసిన ఊళ్లపేర్లన్నీ ఆ గొంతులో విన్నవే.

పదకొండు నెలల కిందట అక్క గొంతులో గడ్డకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది. గొంతు మాత్రం కంకర మీద గోనెసంచి ఈడ్చినట్టు అయిపోయింది. ఇంటికొచ్చిన రెండో వారంలో, కూరలమ్మే ఆయన్ని కిటికీలోంచి పిలిస్తే, "ఎవరో మగాయన పిలిచాడనుకున్నానమ్మా" అన్నాడతను. పాపం, మామూలుగానే అన్నాడు. ఆ పూటనుంచి అక్క నోరు విప్పలేదు. అన్నీ చీటీలే. "ఉప్పు అయిపోయింది." "గొళ్లెం పెట్టు." "తిన్నావా?" రోజూ కనీసం అరగంట మాట్లాడకపోతే ఉన్న గొంతు కూడా పోతుందని డాక్టరమ్మ హెచ్చరించారు. నేను గుర్తుచేస్తే, "అలాగేనన్నానుగా" అని దానికీ ఒక చీటీ.

3. ఎనిమిది నెలల కిందట ఈ పిల్లి వంటింటి కిటికీలోంచి వచ్చి ఉండిపోయింది. దానికి గుమాస్తా అని పేరు పెట్టింది అక్కే. "ఇదీ నీలాగే. అన్నీ చూస్తుంది, ఏమీ చెయ్యదు" అని చీటీ రాసి చూపిస్తే నేనూ నవ్వాను. తరవాత నవ్వు రాలేదు. పొద్దస్తమానం అది అక్క ఒడిలోనే. నేను ఆఫీసునుంచి వస్తే ఇద్దరూ తలెత్తి చూసి మళ్లీ దించుకునేవారు.

కొలతలు మొదలుపెట్టిన మూడో రోజు, సాయంత్రం నాలుగింటికి, పిల్లి అక్క గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపల అది ఎంతసేపుంటుందో రాసుకుందామని గడియారం పట్టుకుని బయట నిలబడ్డాను. మాట వినబడింది.

"నిన్న చేప నచ్చలేదా? ముల్లు గుచ్చుకుందా? ఏదీ, నోరు తెరువు... ఇటు చూడు, ఇవాళ 'ర' పలుకుతోంది, విన్నావా? రైలు. రాయి. రాత. నవ్వావంటే చంపుతా."

నలభై రెండు నిమిషాలు. ఆ రోజే కాదు, మిగిలిన పదకొండు రోజులూ తలుపుకు చెవి ఆనించి విన్నాను. ఆ పిల్లి అక్కకు ఏం చేసిపెడుతోందో నాకు పూర్తిగా తెలుసు. తెలిసే, పట్టికలో ఆ వేళకు ఎదురుగా "మూసిన గదిలో కాలక్షేపం, పనేమీ లేదు" అని రాశాను.

కారణం రాయడానికి సిగ్గుగా ఉంది. అసూయ. నాలుగు కిలోల మూడు వందల గ్రాముల ప్రాణి మీద డెబ్బై ఒక్క కిలోల మనిషికి. ఆవిడ చేతిలో పెరిగినవాణ్ని, పదకొండు నెలలుగా నాకొక్క మాట లేదు. దానికి రోజూ నలభై నిమిషాలు.

ఇంకొక మాట కూడా దాచాను. పన్నెండో రోజున అది తనంతట తానే వచ్చి నా పాదం మీద తల పెట్టుకుని తొమ్మిది నిమిషాలు పడుకుంది. కాలు తిమ్మిరెక్కినా నేను కదల్లేదు. పట్టికలో మాత్రం ఎక్కించలేదు.

4. పోయిన బుధవారం అక్క ఏదో సంతకం పెట్టడానికి పాత ఆఫీసుకు వెళ్లింది. తమ సిబ్బందిని పిలిపించింది నేనే, తలుపు తీసింది నేనే. పిల్లి మంచం కిందికి దూరి ఎంతకీ రాలేదు. నేను అరచేతిలో చేపముక్క పెట్టుకుని, "రా నాన్నా" అన్నాను. వచ్చింది. నా పిలుపుకు అది రావడం అదే మొదలు. ఎత్తి బోనులో పెట్టాను.

తమ మనిషి నావంక అదోలా చూసి, "బాగా మాలిమి అయిన పిల్లిలా ఉంది సార్, ఎవరిదీ కాదంటారేంటి?" అన్నాడు.

"తిండి చూపిస్తే ఏ పిల్లయినా ఇంతేనయ్యా" అన్నాను.

అక్క వచ్చి ఇల్లంతా వెతికింది. "కిటికీ తెరిచి ఉంది మరి" అన్నాను. ఆ కిటికీ తెరిచిపెట్టింది కూడా నేనే. అక్క నుదురు కొట్టుకుని, చీటీ మీద "నేనే మూయలేదు" అని రాసింది. ఆ క్షణంలో చెప్పేయవలసింది. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం గిన్నె, చెంచా పట్టుకుని మోగిస్తూ వీధి చివరిదాకా నడిచింది. ఒకప్పుడు బస్టాండంతా వినబడేలా పిలిచిన మనిషి. తిరిగొచ్చి నా చేతికి చీటీ ఇచ్చింది: "నా గొంతు గుమ్మం దాటదు. నువ్వు పిలువు."

పిలిచాను. "గుమాస్తా! గుమాస్తా! రా నాన్నా!" అని వీధిలో కేకలు పెట్టుకుంటూ వెళ్తే, లాండ్రీ ఆయన బయటికొచ్చి, "మిమ్మల్ని మీరే పిలుచుకుంటున్నారేంటండీ?" అన్నాడు. సంగతి చెబితే నవ్వు ఆపుకుని ఆయనా పిలవడం మొదలుపెట్టాడు. మందుల షాపు ఆవిడ షట్టరు కింద టార్చి వేసి చూసింది. మూడో రోజున లాండ్రీ ఆయన ఎవరిదో ఎర్రపిల్లిని పట్టుకొచ్చాడు, దాని గోళ్లకు చెయ్యంతా చీరుకుపోయింది. "ఇది కాదా? పోనీండి, రేపు చూద్దాం" అన్నాడు. అయ్యా, బోను నెంబరుతో సహా ఎక్కడుందో తెలిసిన పిల్లిని ఆరు సాయంత్రాలు నేను ఆ వీధిలో పిలిచాను. అక్క గుమ్మంలో నిలబడి వినేది.

5. నిన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. "పోయినసారి ఎంత మెరుగ్గా ఉందో! ఇంతలో ఎందుకిలా వెనక్కి పోయింది? ఎవరితోనో మాట్లాడేవారు కదమ్మా, వాళ్లతో మానకండి" అన్నారావిడ. అక్క గోడవైపు తిరిగింది. అక్కణ్నుంచి ఆవిణ్ని ఇంటిదగ్గర దింపి తిన్నగా తమ కార్యాలయానికే వచ్చాను.

నిబంధన ప్రకారం యజమాని స్వయంగా హాజరై, సిబ్బంది ఎదుట పేరుపెట్టి పిలవగా పిల్లి పలకాలనీ, లేనిచో పదవ రోజున వేరొకరికి ఇచ్చెదరనీ తమ కౌంటరులో చెప్పారు. నేటికి ఏడవ రోజు. కావున విన్నవించుకొనునది:

ఒకటి, నా ఫిర్యాదును రద్దుచేసి ఏడవ గడిని సరిదిద్దవలెను.

రెండు, అబద్ధము వ్రాసినందుకు విధించవలసిన శిక్ష నాకు విధించవలెను. అక్కకు ఏ ఇబ్బందీ కలుగరాదు.

మూడు, ఈలోగా పిల్లికి అందునట్లుగా కలములు పెట్టరాదు.

నాలుగు, అక్కను పదిమంది ఎదుట పిలవమనవద్దు. హాలులో జనమును పంపివేయుడు, లేదా ఆమె బదులు నన్ను పిలవనిండు. నాకు ఆరు సాయంత్రముల అనుభవము కలదు.

నా తప్పును తప్పుగానే లెక్కించి, పిల్లిని మాత్రము దయతో తిరిగి ఇప్పించవలెను.

ఇట్లు,
తమ విధేయుడనని చెప్పుకొనుటకు జంకుచున్న
తూకం గుమాస్తా

తా.క.: యజమాని సంతకం ఉండాలన్నారు కనుక ఈ అర్జీని అక్క చేతికిచ్చాను. నోటితో చెప్పే ధైర్యం లేకనే ఇంత పొడుగు రాశానని ఇచ్చేటప్పుడు తెలిసింది.

నిలబడి చదివింది. మూడో అంశం దగ్గర కూర్చుంది. కాగితాలు పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అరగంటకు వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నలభై రెండు కాదురా. ఒక్కోరోజు గంట" అంది.

అయ్యా, నోటితోనే అంది. గరగరలాడినా ప్రతి అక్షరం అర్థమైంది.

"అక్కా..." అన్నాను.

"నువ్వు మాట్లాడకు. ఆ నాలుగోది కొట్టెయ్."

"అక్కడ జనం ఉంటారక్కా."

"ఉండనీ. నా పిల్లిని నేను పిలుచుకుంటాను."

సంతకం పెట్టి కాగితాలు నా మీదికి విసిరింది. నేనూ రానా అని అడిగితే, "రాక? బుట్ట ఎవరు మోస్తారు? నీ సంగతి ఇంటికొచ్చాక చెప్తాను" అంది.

కావున నాలుగవ విన్నపము రద్దు. రేపు ఉదయం పదకొండు గంటలకు యజమాని హాజరగుదురు. ఇంటికొచ్చాక అక్క నాకు చెప్పబోయేవి తిట్లే, సందేహం లేదు. అందుకే, అయ్యా, రేపు మమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టకుండా పంపించండి.