నీ ఇష్టం అడిగారు, నాన్నా

నాన్నా,

నువ్వు పోయిన రెండేళ్లకు నీ పేరున ఉత్తరం వచ్చింది. పోర్ట్ క్లాంగ్‌లో నువ్వు పనిచేసిన గోదాము కంపెనీని మలేసియా బయటివాళ్లెవరో కొంటున్నారట. అప్పట్లో కంపెనీ నీకిచ్చిన కాసిని షేర్లు అమ్ముతావా, ఉంచుకుంటావా అని అడిగారు. చట్టం ప్రకారం అందరికీ ఒకే ధరట.

"ఏటి, కంపెనీ ఓనరు పెద్ద తౌకేకీ మీ నాన్నకీ ఒకటే రేటా?" అని అమ్మ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "మరి సుంగై సిపుట్‌లో మనం పనిచేసిన రబ్బరు తోట అమ్మినప్పుడు ఎవుడడిగినాడు? గేటుకాడ పేరు బోర్డు మారినాకే తెలిసినాది."

ఇంత న్యాయంగా ఆలోచించినవాళ్లు ఎక్కడిదాకా ఆలోచించి ఆగారో తెలుసుకోవాలని ఉంది నాన్నా. లేని నిన్ను అడిగారు. నువ్వు నడిపిన ఫోర్క్‌లిఫ్ట్‌నే రోజూ నడుపుతున్న నన్ను ఎవరూ అడగలేదు.