ఒళ్ళు చల్లగానే ఉంది

అవనిగడ్డ,
12-11-2003.

బావ మల్లికార్జునరావుకు గోవర్ధనరావు రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. ఈ ఇంట్లో అందరూ అంటే నేనొక్కణ్ణే కనుక ఆ మర్యాద తేలిగ్గానే చెల్లిపోయింది.

బందరులో నా పెళ్ళినాడు, విస్తరి ముందు కూర్చుని నువ్వొక మాట ఇచ్చావు. డాక్టరీలో సీటు వచ్చిన గర్వం నీది. మా సత్యవతికి ఏ జబ్బు చేసినా నా చేతులతో నేనే చూస్తాను, కబుర్ల మీద వైద్యం చెయ్యను అన్నావు. నీ చెల్లెలు ఆ మాటను నలభై ఏళ్ళు నగలా దాచుకుంది.

వెన్నుపూస జారి ఆమె మంచాన పడితే గుడివాడ నుంచి రెండుసార్లు వచ్చావు. ఆ తర్వాత మార్ఫిన్ సూదులిచ్చి నీ కాంపౌండరు స్టీఫెన్‌ని బస్సెక్కించావు. నర్సింగ్‌హోంకు రెండో అంతస్తు వేయిస్తున్న రోజులు కదా మరి. స్టీఫెన్ మంచివాడే. సూది వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, పామర్రు బస్సు కోసం పరిగెత్తేవాడు.

నొప్పి తగ్గింది, కాదనను. నెలల తరబడి అరిచిన మనిషి లేచి కూర్చుని కూర తరిగింది. కానీ వీపున లేచిన సెగ్గడ్డ మానకముందే ఇంకొకటి లేచేది. పడిశం పడితే నెల పట్టేది. నాకు అనుమానం వచ్చి విజయవాడ వెళ్ళి, మెడికల్ కాలేజీ లైబ్రరీలో కూర్చుని చదివాను. ఈ జాతి మందు నొప్పితో పాటు ఒంటి కాపలాను కూడా జోకొడుతుందట. క్రిముల్ని మింగే తెల్లకణాలు మందగిస్తాయి. దగ్గు అణిగిపోతుంది. లోపల చీము పడుతున్నా కొందరికి జ్వరం రాదు.

నీకు ఫోన్ చేసి చెప్పాను. నవ్వావు. బావా, నువ్వు చదవని పుస్తకమూ లేదు, పాసైన పరీక్షా లేదు అన్నావు. ఒళ్ళెలా ఉందో చూడమన్నావు. నుదుటి మీద చెయ్యి వేసి, చల్లగానే ఉందన్నాను. ఇంకేం, చల్లగా ఉండమనేగా పెద్దవాళ్ళు దీవించేది అని ఫోన్ పెట్టేశావు.

ఆ వారంలోనే, ఆ చల్లని ఒంటితోనే పోయింది. ఎక్స్‌రే చూసిన బందరు డాక్టరు, రెండు ఊపిరితిత్తులూ చెడేదాకా ఏం చేస్తున్నారండీ అని నన్నడిగాడు. అప్పటినుంచి నేనెవరినీ చల్లగా ఉండమని దీవించలేదు. ఎవరు కాళ్ళకు దండం పెట్టినా, సరే, లే అంటాను.

మళ్ళీ నీ గడప తొక్కలేదు. ఇప్పుడు నీ కూతురు వందన రాసింది. నీ క్యాన్సర్ ఎముకలకు పాకిందనీ, నీకూ అదే సూది పడుతోందనీ. నాన్న ఆయాసపడుతున్నారు మావయ్యా, అడిగితే జ్వరం లేదుగా అని కసురుతున్నారు అంది.

చదివి నవ్వాను, దాచను. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు.

సూది మానమనను. నొప్పి మనిషిని ఎలా నలుపుతుందో కళ్ళారా చూశాను. కానీ జ్వరం కోసం కాచుకోకు. ఇది అందిన పూటే ఎక్స్‌రే తీయించుకో, రక్తం చూపించుకో. నీ చేతులతో నువ్వే చూసుకోకు, ఆ ముచ్చట ఒకసారి తీరింది. ఫోనులో నీ నవ్వు వినే ఓపిక లేక, నువ్వు సూదులు పంపిన ఆ బస్సులోనే ఈ ఉత్తరం పంపుతున్నాను.

చల్లగా అని రాయడానికి చెయ్యి రాదు. ఉండు.

నీ బావ,
గోవర్ధనరావు

తా.క.: పక్కింటి పాపాయమ్మ ఒట్టుకు కట్టుబడి ఇన్నాళ్ళూ దాచిన సంగతి ఈ మధ్యే చెప్పింది. ఆ చివరి వారం సత్యవతి గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, పచ్చటి కఫం ఊసి, పైన పొయ్యి బూడిద కప్పేదట. ఎవరికీ చెప్పకు పాపాయమ్మా, తెలిస్తే అన్నయ్య సూది ఆపేస్తాడు, మళ్ళీ ఆ నొప్పి పడలేను అందట. వందనను నువ్వెందుకు కసురుతున్నావో దాంతో నాకు అర్థమైంది. అన్నాచెల్లెళ్ళది ఒకటే బుద్ధి. నీ మీది కోపం ఈ ఉత్తరంతో కొంత తీరింది. తీరనిది వేరే ఉంది. పక్కనే పడుకున్న నాకు ఒక్క మాట చెప్పకుండా పోయిన మనిషి మీద. సత్యవతి మీద.