నుయ్యి పక్క మట్టిదిబ్బ

చోడవరం, 11 ఫిబ్రవరి 1956, శనివారం

ప్రొఫెసర్ గారికి నిన్న రాసిన ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యకపోవడమే నా అదృష్టం. బుచ్చయ్యపేట దారిలో, వాననీళ్ల గెడ్డ కోసేసిన గట్టులో పొరలు తలకిందులుగా ఉన్నాయని మూడు పేజీలు నింపాను. అడుగున నల్లమట్టి, దానిమీద ఎర్రమట్టి, ఆపైన సుద్ద, అన్నిటికీ పైన పగిలిన రాయి. ఎక్కడైనా రాయి అడుగున ఉండాలి గదా! భూమే బోర్లా పడిందని తేల్చేశాను.

ఈ ఉదయం కొలతలు తీస్తుంటే నూతులు తవ్వే అప్పలస్వామి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏటి బాబూ, మా నుయ్యి మట్టిని అలగ సూస్తన్నారు?"

"నుయ్యా? ఎక్కడ?"

"ఆ సెరుకు ఎనకాల. మా నాన తవ్వేడు. ముందు తీసిన నల్లమట్టి అడుక్కెలిపోనాది, ఆకర్న తీసిన రాయి పైకొచ్చీసింది."

నేను గట్టనుకున్నది నూతిమట్టి దిబ్బ. పది అడుగులు వేసి ఉంటే నుయ్యి నాకే కనిపించేది. సిగ్గేసింది, కాదనను. అయినా భూగర్భశాస్త్రంలో మొదటి పాఠం ఎక్కడా తప్పలేదు. ముందు పడింది అడుగున, తరవాత పడింది పైన. దిబ్బ కూడా అదే చెప్పింది. ఎవరు పోశారని నేనే అడగలేదు. ఉత్తరం చించేశాను. రేపు నూతిలోకి దిగి పొరలు కొలుస్తాను, తాడు తెమ్మన్నాను.

సరేనని వెళ్తూ వెళ్తూ అతను దూరంగా ఉన్న కొండల వైపు చెయ్యి చూపించాడు.

"మరయ్యి ఎవలు పోసేరు బాబూ?"

నవ్వేశాను. కానీ ఆ కొండల మీద నేను రాసిన నోట్సు ముప్పై పేజీలుంది... మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతున్నాను.