బడిలో గట్టిమేళం

జూలై 1, మంగళవారం

మదనపల్లె నుంచి మురళీధర్ అనే ఆయన వచ్చాడు. రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్. ఏదో సంగీత సభకు సెక్రటరీ. మా ఎలిమెంటరీ స్కూల్లో నాదస్వరం, డోలు కచేరీలు పెట్టిస్తాడట. లైవ్. ఫ్రీ. పదిహేను రోజులకొక శుక్రవారం. మదనపల్లెలో, కుప్పంలో కూడా బడులు చూసుకున్నారట. పుంగనూరు వైపు మాదే మొదలట.

ఫ్రీ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్రీ డెంటల్ క్యాంప్ వాళ్లు పిల్లల నోళ్లు తెరిపించి, తల్లులకు టూత్‌పేస్టులు అంటగట్టిపోయారు. ఫ్రీ స్పోకెన్ ఇంగ్లిష్ వాళ్లు మా ఐదో తరగతిలో చురుకైన పిల్లలను ఏరుకుని ప్రైవేట్ స్కూల్లో వేసుకున్నారు. ఈయనకేం కావాలో!

మొహం మీదే అడిగాను. పిల్లోళ్లు పాటంతా ఫోన్లోనే ఇంటాండారమ్మా, మనిషి ఎదురుగా కూచోని ఊదితే ఎట్లుంటాదో సూడల్ల గదా అన్నాడు. అంతేనా అన్నాను. అంతే అన్నాడు. అయితే ఎమ్ఈఓ గారి పర్మిషన్ తెమ్మన్నాను. వెంటనే బ్యాగులోంచి తీసి టేబుల్ మీద పెట్టాడు. అడగకముందే అన్నీ తెచ్చుకునేవాళ్లను అసలు నమ్మకూడదు.

జూలై 2

ఎమ్ఈఓ ఆఫీసుకు ఫోన్ చేశాను. పర్మిషన్ నిజమే.

జూలై 4, శుక్రవారం

వచ్చారు. ముగ్గురు. నాదస్వరం ఆంజనేయులు, మీసం నెరిసిన పెద్దమనిషి. డోలు వెంకటేశులు, ఆయన బామ్మర్ది, ముప్పై ఉంటాయేమో. తాళాలు వేయడానికి ఆంజనేయులు కూతురు సుష్మ.

నాదస్వరం ఎత్తుకున్నారో లేదో ఊరు ఊరంతా గేటు దగ్గరికి వచ్చేసింది. ఆషాఢంలో ఎవురి పెండ్లమ్మా అని ఒకటే గోల. పెళ్లి కాదు, పాఠం అని చెప్పి పంపించేసరికి నా గొంతు పోయింది. వంట చేసే చౌడమ్మ గరిటె పట్టుకుని వరండాలోనే నిలబడిపోయింది. పప్పు మాడుతోంది చూసుకోమన్నాను. మాడనీ మేడం అంది. ఎంత ధైర్యం!

నాకు సంగీతం తెలియదు. కానీ అంత దగ్గరగా వింటూ, దిద్దుతున్న నోటుబుక్కు మూసేశాను. పెళ్లిళ్లలో మేళం మోగుతూనే ఉంటుంది, మనం చీరల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఇక్కడ పిల్లలు కదలకుండా నోళ్లు తెరుచుకుని కూచున్నారు. ఎక్కాలప్పుడు ఎప్పుడైనా అలా కూచున్నారా?

అయిపోయాక మూడో తరగతి పిల్ల ఒకతి లేచి, ఇది ఫోన్లో గూడా వస్తాది గదా తాతా అంది. ఆంజనేయులుకు పౌరుషం వచ్చింది. ఫోను నీ మొగం సూసి ఊదుతాదా పాపా అన్నాడు. తాళి కట్టేటప్పుడు మేము పెండ్లికూతురి మొగం సూసి ఊదుతాము, ఆ యమ్మ బెదురుతాంటే మెత్తగా, నవ్వుతాంటే గట్టిగా అన్నాడు. ఫోను మేళానికి తాళి కట్టే ఇంటికి నా బిడ్డనిస్తానా, యాడన్నా ఇస్తానా అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సుష్మ మాత్రం నేల చూస్తోంది. ఇంటర్ చదివే వయసు. కాలేజీలు తెరిచారు కదా, వర్కింగ్ డే నాడు ఈ అమ్మాయి ఇక్కడేం చేస్తోంది?

జూలై 5

ఆ మాటే మా ఇంకో టీచర్ శివకుమార్‌తో అన్నాను. మీరు టీచర్ గాకుండా సీఐడీలో ఉండాల్సిండె మేడం అని నవ్వాడు. నవ్వనీ. చౌడమ్మ వండే బియ్యం రోజూ నా కళ్ల ముందు కొలిపిస్తాననీ, పారేసిన అన్నం ఎవరిదని పిల్లలను నిలబెట్టి అడుగుతాననీ నా మీద జోకులున్నాయని నాకు తెలుసు.

జూలై 18, శుక్రవారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

బస్సు చెడిపోయి మేళం ఆలస్యంగా వచ్చింది. కచేరీ నడుస్తుండగానే భోజనం టైమ్ అయింది. పిల్లలు పళ్లేల్లో పప్పన్నం పెట్టుకుని అక్కడే కూచుని వింటామన్నారు. సరే అన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

ఆంజనేయులు ఏ వేళకు ఏ రాగమో చెబుతున్నాడు. తాళి కట్టేటప్పుడు ఏం వాయిస్తారని ఎవరో అడిగారు. గట్టిమేళం సూపియ్యరా అని బామ్మర్దికి సైగ చేశాడు. వెంకటేశులు లేచి నిలబడి డోలు అందుకున్నాడు. తాళాలతో సుష్మ కూడా లేచి పక్కన నిలబడింది. ఆంజనేయులు బుగ్గలు పూరించాడు. డోలు దడదడా మోగింది.

అంతే. మా పిల్లలు పుట్టినప్పటి నుంచి ఎన్ని పెళ్లిళ్లు చూశారు! గట్టిమేళం మోగిందంటే చేతిలో ఉన్నది చల్లాలి. చేతిలో ఉన్నది పప్పన్నం. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఒకేసారి విసిరారు. వెంకటేశులు జుట్టు మీద, సుష్మ జడ మీద, డోలు మీద, అంతా అన్నమే.

ఆంజనేయులు పగలబడి నవ్వాడు. శివకుమార్ నవ్వాడు. నేను అరిచాను. అన్నం, అన్నం అని అరిచాను.

తాళాలు ఠంగున కిందపడ్డాయి. సుష్మ వంటగది వెనక్కి పరుగెత్తింది. వెంకటేశులు నవ్వలేదు, ఆమె వెళ్లిన వైపు చూడనూ లేదు. తల వంచుకుని డోలు మీది మెతుకులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

అవమానం అనుకుందేమో, సర్దిచెప్పమని చౌడమ్మను పంపాను. చౌడమ్మ తిరిగి వచ్చి మెల్లగా చెప్పింది. ఆ పాప ఏడుస్తా, ఈడ గూడానా అనింది మేడం అంది.

ఈడ గూడానా అంటే? ఇంకెక్కడ?

జూలై 19

మా వైపు మేనమామ అంటే పుట్టినప్పటి నుంచే సగం పెళ్లికొడుకు కింద లెక్క. వెంకటేశులు ఆ అమ్మాయి తల్లికి తమ్ముడు. నా బుర్రకు రాత్రే తట్టాల్సింది. ఆషాఢం అయిపోవస్తోంది. శ్రావణం వస్తోంది.

జూలై 21, సోమవారం

మురళీధర్‌కు ఫోన్ చేసి సుష్మ వయసెంత అన్నాను. ఎందుకన్నాడు. ఎంతో చెప్పండి అన్నాను. ఇంటర్ ఫస్టియర్ మేడం, మానేసిండాది అన్నాడు. ఎందుకు మానేసింది? అది వాళ్లింటి సంగతి అన్నాడు. ఈయనకు తెలుసు! తెలిసే ఊరుకున్నాడు. వెంటనే మాట మార్చి, శుక్రవారం కుప్పంలో కొత్త బడిలో కచేరీ, అక్కడి టీచర్లకు మీ అనుభవం చెప్పడానికి రమ్మన్నాడు. నన్ను మంచి చేసుకోవాలని చూస్తున్నాడు.

వస్తానన్నాను. నా అనుభవం చెప్పడానికి కాదు.

జూలై 25, శుక్రవారం. కుప్పం

పలమనేరు, వి.కోట మీదుగా వచ్చాను. నడుము విరిగింది.

కచేరీ మధ్యలో ఆంజనేయులు పెదవి వాచిందని నాదస్వరం కూతురికి ఇచ్చాడు. సుష్మ అందుకుంది. నేను మనుషులను తొందరగా మెచ్చుకోను. కానీ ఆ పిల్ల ఊదుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సులో దుమ్ము పడిందని పక్క టీచర్‌కు చెప్పాను.

సుష్మను కొళాయి దగ్గర పట్టుకున్నాను. మొదట ఏమీ లేదంది. తరువాత అంతా ఒక్కసారే చెప్పేసింది. కార్తీకంలో పదిహేడు నిండుతాయి. శ్రావణంలో పెండ్లి. మంచంలో ఉన్న అమ్మమ్మ కండ్లతో సూడల్లంట. నాదస్వరం మామే నేర్పించినాడు మేడం, ఆడపిల్ల ఊదితే పెండ్లోళ్లు పిలవరు, బడి పిల్లోళ్లయితే ఏమీ అనరని మామే నాయన్ని ఒప్పించి బడులకు తీసకొచ్చినాడు అంది. పెళ్లయితే ఇంక ఊదకూడదట. ఇష్టమేనా అన్నాను. మామను మామ అనే పిలవాలనుండాది అంది.

ఎంత మంచివాడో ఆ మామ! నేర్పించాడట, ఒప్పించాడట, చివరికి తాళి కూడా కడతాడట. టీ అంగడి దగ్గర ఉంటే వెళ్లి అడిగేశాను, సిగ్గు లేదా అని. టీ గ్లాసు కింద పెట్టాడు. దాన్ని సంకనేసుకోని తిప్పినోన్ని మేడం, నాకు మాత్రం ఇష్టమా అన్నాడు. మరి చెప్పలేవా? మాయమ్మ ముందర, బావ ముందర నోరు రాల్యా, మూసుకోనుండా అన్నాడు.

నోరు మూసుకోవడమంటే ఒప్పుకోవడమే అన్నాను. టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. నేను నమ్మలేదు.

జూలై 26

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. పేర్లు, మదనపల్లెలో వీధి, అన్నీ చెప్పాను.

జూలై 30

ఆఫీసర్లు వెళ్లారట. పెండ్లా, ఎవురికి, శ్రావణ శుక్రవారం నోము చేసుకుంటాండాము అన్నారట ఇంట్లోవాళ్లు. నోటీసు ఇచ్చి వచ్చేశారట. ఫిర్యాదు ఎవరిదో ఆంజనేయులు ఇట్టే కనిపెట్టాడు. మీ బడి గడప తొక్కడంట మేడం అని మురళీధర్ ఫోన్. మీ వల్ల పిల్లలకు సంగీతం పోయిందన్నట్టు మాట్లాడాడు.

ఆగస్టు 1, శుక్రవారం

మేళం లేదు. పిల్లలు చాప పరుచుకుని భోజనం బెల్లు దాకా అక్కడే కూచున్నారు. లేవమని చెప్పలేకపోయాను.

ఆగస్టు 14

మదనపల్లెలో ఉన్న చౌడమ్మ చెల్లెలు కబురు చెప్పింది. పెళ్లి ఆదివారం పొద్దున. ఇంట్లో కాదు, గుర్రంకొండ దగ్గర వాళ్ల బంధువుల ఊళ్లో. 1098కి మళ్లీ చెప్పాను. తప్పకుండా వస్తామన్నారు. తప్పకుండా అనేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఆగస్టు 17, ఆదివారం

చౌడమ్మను తోడు తీసుకుని తెల్లవారుజామున బయలుదేరాను. చేతిలో ఏ అధికారమూ లేదు. ఒక చీర ప్యాకెట్ ఉంది, పిలవని పేరంటానికి వచ్చినదాన్ని కాబట్టి.

పందిట్లో అన్నీ ఉన్నాయి. మేళం లేదు.

ఇంట్లో మేళగాళ్లు ఇద్దరు. ఒకరు పెళ్లికొడుకు, ఒకరు కన్యాదానం చేసే తండ్రి. బయటి మేళం రావాలి. ఆంజనేయులు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. పుంగనూరు మేళానికి జ్వరం. కుప్పం మేళానికి జ్వరం. వి.కోట మేళానికీ జ్వరమే. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అందరికీ ఒకే జ్వరమా? వెంకటేశులు వైపు చూశాను. బాసికం కట్టుకుని కాళ్ల బొటనవేళ్లు చూసుకుంటున్నాడు.

గట్టిమేళం లేకుండా తాళి ఎలా కడతారని ముసలివాళ్లు గొణుగుతున్నారు. పెళ్లి చేయించే అయ్యవారు టైమ్ చూస్తున్నాడు. ఇంతలో ఎవరో కుర్రవాడు, దానికేముండాది, యూట్యూబ్ ఉండాది గదా అని ఫోన్‌ను స్పీకర్ బాక్సుకు కలిపాడు. ముందు లోన్ యాప్ యాడ్ వచ్చింది. ఒక ఆడగొంతు ఐదు నిమిషాల్లో లోన్ ఇస్తానంది. ఎవరూ నవ్వలేదు. తరువాత గట్టిమేళం మోగింది. వెంకటేశులు చేతికి తాళి అందించారు. అందరూ అక్షింతలు పట్టుకున్నారు. నేను లేచాను. లేచి చీర ప్యాకెట్ పట్టుకుని నిలబడిపోయాను.

సుష్మ తలెత్తింది. నా వైపు కాదు, తండ్రి వైపు. గట్టిగా కూడా అనలేదు.

ఈడ నా మొగం సూసేవాళ్లు ఎవురుండారు నాయనా అంది.

ఆంజనేయులు చూశాడు. అప్పుడు చూశాడు. ఎన్ని వందల పెళ్లికూతుళ్ల మొహాలు చూసి ఊదినవాడో, సొంత కూతురి మొహం ఇన్నాళ్లూ చూడలేదు. లేచి వెళ్లి స్పీకర్ వైరు లాగేశాడు. మేళం సగంలో తెగింది. బామ్మర్ది చేతిలో తాళి తీసుకుని పసుపు పళ్లెంలో పెట్టాడు. నా బిడ్డను ఈ మేళానికి ఇయ్యను అన్నాడు. ఆయన భార్య ఏడ్చింది, పెద్దవాళ్లు తిట్టారు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. సుష్మ తన బాసికం తనే విప్పుకుంది.

1098 వాళ్లు వచ్చేసరికి వంటలు పాడవకూడదని భోజనాలు వడ్డిస్తున్నారు. పద్దెనిమిది నిండేదాకా పెళ్లి మాట ఎత్తబోమని వాళ్ల ముందు అందరిచేతా చెప్పించాను. వాళ్లూ తిన్నారు.

బయలుదేరుతుంటే వెంకటేశులు బస్సు దాకా వచ్చాడు. మేళగాళ్లందరి ఇండ్లకూ పోయినా మేడం అన్నాడు. పాపకు వయసు సాలదు, ఈ పెండ్లికి వాయిస్తే ఇంక నా డోలు మీ పక్కన మోగదని చెప్పాడట. ఇంట్లో మూసుకున్న నోరు బయట తెరిచాడన్నమాట. కుప్పంలో నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయనకు చెప్పలేదు. రెండు అరటిపండ్లు ఇచ్చాను.

ఆగస్టు 21

సుష్మ మళ్లీ కాలేజీకి పోతోందని మురళీధర్ చెప్పాడు. కాలేజీకి ఫోన్ చేశాను. నిజమే. వచ్చే నెల కూడా చేస్తాను.

ఆగస్టు 29, శుక్రవారం

మేళం వచ్చింది. సుష్మ సెలవు పెట్టి వచ్చింది, కనుక్కున్నాను. నాదస్వరం ఆమెదే, తాళాలు ఆంజనేయులువి. భోజనం వేళకు సుష్మే వెంకటేశులు వైపు తిరిగి, గట్టిమేళం కొట్టు మామా అంది. పిల్లలు పళ్లేలు పట్టుకుని నా వైపు చూశారు. నేను గోడ మీది మ్యాపు వైపు తిరిగాను.

వెనక్కి తిరిగేసరికి వెంకటేశులు కూచునే డోలు కొడుతున్నాడు, ఆమె ఒక్కతే నిలబడి ఊదుతోంది, జడ నిండా అన్నం.

చౌడమ్మ ఈరోజు బియ్యం ఎక్కువ పోసింది. ఎందుకని అడగలేదు.