చెట్టు కోసం వదిలిన సందు

జూన్ 1969, శనివారం రాత్రి

ఎంకపల్లి అడవిలో చెట్టు మీద కట్టాలని తమ్ముడు గీసుకున్న గదికి ఈరోజు బాపు కప్పు వేశాడు. ఎవరి కోసమని నేను అడగలేదు. కాలేజీ మూతపడి ఇంటికొచ్చినప్పుడు గీశాడు వాడు: మాను గది నడిమి నుంచి పైకి పోవాలి, రెండు కొమ్మల మధ్య కిటికీ ఉండాలి. తరువాత తెలంగాణ ఊరేగింపుకని పట్నం పోయి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

సాయంత్రం బాపు, అవ్వ, నేను ఎక్కి కూర్చున్నాం. వాన మొదలైంది. కప్పులో మాను చుట్టూ వదిలిన సందులోంచి నీళ్లు కారాయి. అది మూయడానికి బాపు చెక్క తీశాడు.

"మూయకు. చెట్టు లావైతది, జాగ ఉండాలె అన్నడు గదా పిలగాడు," అంది అవ్వ.

"లావయ్యేదాంక చూసేటోడు ఏడి?" అన్నాడు బాపు.

తమ్ముడు తడిసొస్తే తల తుడిచినట్టు, అవ్వ కొంగుతో మానును తుడుస్తూ కూర్చుంది. వాన ఆగలేదు.