పదమూడు పెట్టెలు లాగిన ఇంజన్

జూన్ 9, ఆదివారం
మాధవరంలోని బొమ్మరైళ్ల క్లబ్బుకు మొదటిసారి నా ఇంజన్ తీసుకెళ్లాను. నాలుగేళ్లు ఇత్తడి రేకు కోసి, రాకి, అతికి చేసిన జానెడు ఇంజన్.
ఆరు పెట్టెలు లాగింది. ఏడోది తగిలించగానే, వంతెన ఎక్కే చోట... చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ఇంజన్ కదలదు. అందరూ చూస్తుండగానే.
క్లబ్బు పెద్ద నాయుడు గారు చేత్తో మెల్లగా పైకి తోశారు. "చూసేదానికి శానా అందంగా ఉండాదమ్మా వసంతా. అద్దాల బీరువాలో పెట్టుకో. లాగేదానికి కంపెనీ ఇంజనే కావాల."
అద్దాల బీరువా!

జూన్ 10
అంబత్తూరు ఫ్యాక్టరీ దాకా బస్సులో నా చెవుల్లో అదే మాట. ఏ స్ప్రింగు ఎంత బరువు ఓరుస్తుందో కొలవడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా. సొంత ఇంజన్ ఎంత లాగుతుందో ఒక్కసారీ కొలవలేదు. సిగ్గు.

జూన్ 15
భోజనాల బల్ల మీద పట్టాలు. ఇంజన్ కొక్కేనికి దారం, బల్ల అంచున చిన్న కప్పీ, దాని మీదుగా కిందికి వేలాడే డబ్బా మూత. ఇంజన్ నడుస్తుంటే మూతలో ఒక్కో నట్టు వేస్తూ పోవాలి. చక్రాలు జారి ఇంజన్ ఆగినప్పుడు మూతలో ఎంత బరువుందో అంతే దాని బలం.
యాభై ఎనిమిది గ్రాములు. ఇంజన్ బరువేమో మూడు వందల ఇరవై.
"ఇంతేనా?" అన్నారు మా ఆయన.
ఇంతే. కానీ ఇప్పుడు తెలుసు.

జూన్ 16
బరువు చాలకే జారుతోంది. సీసం కావాలి.
మా ఆయన తొండియార్‌పేట వెళ్లి, వలలకు కట్టే సీసం గుళ్లు తెచ్చారు. "ఏం చేపలు పడతారని అడిగినాడు అంగట్లో. రైలు చేపలని చెప్పినా."
నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు.

జూన్ 22
గుళ్లను సుత్తితో చదును చేసి బాయిలర్ ముందు భాగంలో కుక్కాను. ఇంజన్ ఇప్పుడు ఐదు వందల ఇరవై గ్రాములు. లాగింది... అరవై ఆరు! ముక్కు బరువెక్కింది, లాగే చక్రాలు తేలిపోతున్నాయి.
ఏడుపొచ్చింది. అన్నీ అలాగే వదిలేసి లేచాను.

జూన్ 29
సీసమంతా తీసి, లాగే చక్రాలకు సరిగ్గా పైన సర్దాను. పట్టాల మీది నూనె జిడ్డు స్పిరిట్‌తో తుడిచాను.
తొంభై... నూరు... నూట పది... మా ఆయన ఒక్కో నట్టూ అందిస్తున్నారు.
నూట పద్దెనిమిది!
మళ్లీ. నూట పద్దెనిమిది. మళ్లీ. నూట పదిహేడు.
"చాలు వసంతా, దానికీ కాళ్లు నొస్తాయి."

జూలై 14, ఆదివారం
పన్నెండు పెట్టెలు తగిలించాను. క్లబ్బు హాల్లో అందరూ పట్టాల చుట్టూ మూగారు. వంతెన దగ్గరికి వచ్చింది... నెమ్మదించింది... ఆగలేదు. ఎక్కేసింది!
"ఇరు, ఇరు, రవ్వంత ఉండు," అంటూ నాయుడు గారు లేచారు. "ఇంగొకటి తగిలిస్తా."
ఆయనే తెచ్చి తగిలించారు. పదమూడు.
అదీ ఎక్కింది. యాభై నాలుగేళ్లదాన్ని, రెండు చేతులూ ఎత్తి అరిచాను. మా ఆయన ఈల వేశారు — ఆయనకు ఈల వచ్చని నాకే తెలియదు!
కప్పీ, దారం, నట్ల సంగతి చెప్పాను. నాయుడు గారు శ్రద్ధగా విన్నారు. "బీరువా మాట నేను అనకుండా ఉండాల్సింది తల్లీ."
గోడ మీది బోర్డు తుడిచి స్వయంగా రాశారు: వసంత, 118. దాని కింద తన పేరు. పక్కన ఖాళీ. తన కంపెనీ ఇంజన్‌ను మెత్తటి గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. "ముప్పై ఏండ్లుగా ఈడ దీన్ని మించింది లేదని చెప్తా ఉండా. సుమ్మా, ఉత్త నోటి మాటే. నువ్వు కొలిచి అంకె తీసుకురా."

ఆగస్టు 10, శనివారం
నాయుడు గారి ఇంజన్ లాగింది నలభై ఒకటి.
ఆరుసార్లు కొలిచాను. నలభై ఒకటే. చక్రాలకున్న రబ్బరు పట్టీలు రాయిలా గట్టిపడ్డాయి. మారిస్తే ఎంతో ఎక్కువ లాగుతుంది, నాకు నమ్మకం. మార్చాలంటే విప్పాలి. ఇన్నేళ్లలో ఆయన ఎవర్నీ విప్పనివ్వలేదు.
మధ్యాహ్నం ఫోన్ చేశారు. "ఏమమ్మా, నూరు దాటిందా?"
"ఇంకా కొలుస్తా ఉండాను నాయుడు గారూ," అన్నాను. కొలతల విషయంలో నేనాడిన మొదటి అబద్ధం.
రేపు పది గంటలకు క్లబ్బు. స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టాను. మళ్లీ లోపల పెట్టేశాను. మళ్లీ తీశాను...